పీకేదాకా ఆగాల్సిన పన్ను: గుణదల నుంచి కొన్ని విశేషాలు

ఫిబ్రవరి 9 వచ్చిందంటే బెజవాడ గుణదలలో కాలు పెట్టే సందు ఉండదు. 9, 10, 11 తేదీల్లో మేరీమాత ఉత్సవాలు. తలనీలాలిచ్చి కొండెక్కే వాళ్ళు, కొబ్బరికాయల బుట్టలు, కొవ్వొత్తుల దుకాణాలు, పడవలరేవు దాకా ఆగిపోయిన ఆటోలు. ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ ఆర్లాటి 1924లో ఇక్కడ మాత విగ్రహం ప్రతిష్ఠించిన దగ్గర్నుంచి పెరుగుతూ వచ్చిన పండుగ ఇది. ఆఖరి రోజైన 11 లూర్దుమాత పండుగ అని కృష్ణా జిల్లాలో క్రైస్తవేతరులకు కూడా తెలుసు. మరి మొదటి రోజు ఎవరిదో తెలుసా? ఫిబ్రవరి 9 సెయింట్ అపొలోనియా స్మారక దినం. క్రీ.శ. 249లో అలెగ్జాండ్రియాలో అల్లరి మూక ఈ ముసలావిడను పట్టుకుని పళ్ళన్నీ రాలగొట్టింది. అప్పటినుంచి పంటిపోటుతో అల్లాడేవాళ్ళు తలుచుకునే పునీతురాలు ఆవిడే అయింది. యూరప్ చర్చిల్లోని పాత చిత్రాల్లో ఆవిడ చేతిలో పటకారు, ఆ పటకారులో ఒక దవడపన్ను కనిపిస్తాయి.

ప్రభుత్వ దంత వైద్య కళాశాల, దాని ఆసుపత్రి ఉన్నది కూడా ఇదే గుణదలలో. రెండూ ఒకేచోట కుదరాలని ఎవరూ అనుకుని పెట్టింది కాదు. అయినా చెంప మీద చెయ్యి పెట్టుకుని ఓపీ చీటీ కోసం నిలబడ్డవాడికి కొండ మీద శిలువ చూస్తే కాస్త ధైర్యం వస్తే రానివ్వండి, తప్పేముంది?

ఇవాళ పీకరెందుకు?

జ్ఞానదంతం పోటుతో వెళ్ళినవాళ్ళు చాలామంది అదే రోజు పీకేస్తారని ఆశపడతారు. డాక్టరు ఓపీజీ తీయించుకు రమ్మంటారు, మందులు రాస్తారు, వాపు తగ్గాక వారం పోయాక రమ్మంటారు. ఈ మాటకి చాలామందికి ఒళ్ళు మండుతుంది. అంత దూరం పోతే గుప్పెడు మాత్రలిచ్చి పంపేశారని ఇంటికొచ్చి గొణుక్కుంటారు.

ఆ వాయిదా వెనక ఒక రసాయన కారణం ఉంది. చీము పట్టి వాచిన చోట కణజాలం ఆమ్లగుణంలోకి జారుతుంది. తిమ్మిరి మందు నరంలోకి చొరబడాలంటే ఆమ్లం తక్కువగా ఉండాలి. అందుకే వాచిన చిగుట్లో ఎంత జైలోకెయిన్ ఎక్కించినా సగమే పనిచేస్తుంది. మొండిగా అప్పుడే పీకించుకున్నవాళ్ళు ‘మత్తిచ్చినా ప్రాణం పోయింది’ అని చెప్పుకునే కథల్లో చాలావాటికి మూలం ఇదే. అత్యవసరమైతే వాపులోనే పీకే సందర్భాలూ ఉంటాయి. ఆ నిర్ణయం డాక్టరుది.

ఓపీజీ అంటే దవడ మొత్తం ఒకే బొమ్మలో చూపించే ఎక్స్‌రే. మిషను తల చుట్టూ ఒక చుట్టు తిరిగి వస్తుంది. ఫిన్లాండు దంతవైద్యుడు పాటెరో 20వ శతాబ్దం మధ్యలో దీన్ని రూపొందించాడు. కింది జ్ఞానదంతం వేరు, కింది పెదవికి స్పర్శనిచ్చే నరం ఎంత దగ్గరగా పోతున్నాయో డాక్టరు అందులో చూస్తారు. నరానికి ఆనుకుని ఉంటే పీకాక పెదవి కొన్నాళ్ళు, అరుదుగా శాశ్వతంగా, మొద్దుబారవచ్చు. ఎక్స్‌రే ఖర్చు దండగని తప్పించుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు.

సుశ్రుతుడికి తెలిసిన వాపు

జ్ఞానదంతం సగం బయటపడి సగం చిగురు కిందే ఉండిపోతే పైన ఒక తోలు మూతలా మిగులుతుంది. దాని కిందికి మెతుకో పీచో దూరుతుంది. బ్రష్షు అక్కడికి పోదు. రెండు రోజుల్లో సలుపు, నోట్లో దుర్వాసన, మింగుతుంటే పోటు. ఇరవై ఏళ్ళ కుర్రకారుని ఆసుపత్రికి నడిపించే జ్ఞానదంతపు నొప్పుల్లో ఎక్కువ భాగం ఇదే. పన్ను పుచ్చిపోయి కాదు, చిగురు చెడి.

సుశ్రుత సంహిత నోటి రోగాలు 65 అని లెక్క చెప్పింది. పెదవులకు 8, చిగుళ్ళకు 15, పళ్ళకు 8, నాలుకకు 5, అంగిలికి 9, గొంతుకు 17, నోరంతటికీ 3. ఆ చిగుళ్ళ రోగాల్లో ఒకదాని పేరు అధిమాంసం. దవడలో అన్నిటికన్నా వెనకున్న పన్ను దగ్గర పెద్ద వాపు, తీవ్రమైన నొప్పి, లాలాజలం కారడం దాని లక్షణాలని ఉంది. ఇవాళ దంతవైద్య విద్యార్థి పరీక్షలో రాసే లక్షణాలతో పక్కపక్కన పెట్టి చూస్తే పెద్ద తేడా కనిపించదు. చికిత్స అడిగితే, పెరిగిన ఆ మాంసాన్ని కోసి, మూలికల పొడుల్ని తేనెతో కలిపి అద్దమన్నాడు. మూతలాంటి ఆ చిగురును కత్తిరించే పద్ధతి ఇవాళా ఉంది, అన్నిసార్లూ కాదు గానీ.

ఇంకో రోగం కూడా అదే పుస్తకంలో ఉంది. పేరు వర్ధనం. వాతం వల్ల అదనంగా ఒక పన్ను మొలుస్తుంది, మొలిచేటప్పుడు భరించలేని నొప్పి, మొలిచాక నొప్పి దానంతట అదే పోతుంది. ఇది జ్ఞానదంతమేనని అనేవాళ్ళున్నారు. నాకూ అదే సబబనిపిస్తుంది. మామూలు వయసు దాటాక, పదిహేడు పాతికేళ్ళ మధ్య, ఏ పాలపన్నూ ఊడకుండానే వచ్చే పన్ను అదొక్కటే.

అందరికీ రాదు కూడా. ప్రపంచం నలుమూలల అధ్యయనాలను కలిపి చూస్తే నలుగురైదుగురిలో ఒకరికి కనీసం ఒక జ్ఞానదంతం పుట్టనే పుట్టదు. మరో నలుగురిలో ఒకరికి దవడలో ఇరుక్కుపోతుంది. నిప్పు మీద వండి మెత్తగా తినడం మొదలుపెట్టాక మనిషి దవడ పొట్టిబారుతూ వచ్చింది, పళ్ళ లెక్క మాత్రం 32 దగ్గరే ఆగింది. కూర్చునే చోటు తగ్గినా టిక్కెట్లు అన్నీ అమ్మేసిన సినిమా హాలు పరిస్థితి.

చెవిపోటు అనుకుని

కింది జ్ఞానదంతం పోటు చెవిలోకి పాకుతుంది. పంటికీ చెవి ముందు భాగానికీ కబురు మోసేది ఒకే నరం కొమ్మలు కాబట్టి మెదడు పొరబడుతుంది. అందుకే గవర్నరుపేటలో చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గర వరస కట్టినవాళ్ళలో కొందర్ని ఆయన టార్చి వేసి చూసి, చెవి బాగానే ఉంది, పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళండి అంటాడు.

దీనికి తోడు మనవాళ్ళలో గట్టిగా పాతుకుపోయిన ఇంకో మాట: పై దవడ పన్ను పీకితే కంటిచూపు పోతుంది. ఎంతమంది అమ్మమ్మలు ఈ భయంతోనే పుచ్చుపన్నును పదేళ్ళు మోశారో! చూపు మోసేది రెండో కపాల నరం. పళ్ళన్నిటికీ స్పర్శనిచ్చేది ఐదో కపాల నరం. ఆ రెండిటికీ పొత్తు లేదు. పళ్ళు కదిలి పీకించుకునే వయసూ, కంట్లో శుక్లం వచ్చే వయసూ ఒకటే కావడంతో ఈ నమ్మకం పుట్టి ఉంటుందని నా ఊహ.

పంటి పురుగు

పన్నులో పురుగు ఉంటుందన్న నమ్మకం మనది మాత్రమే కాదు. బాబిలోనియా మట్టి పలకల మీదా ఉంది. మన పల్లెల్లో వాకుడు కాయల గింజలు నిప్పు మీద వేసి, ఆ పొగను గొట్టంతో నోట్లోకి పట్టించేవాళ్ళు. కాసేపటికి కింద పెట్టిన నీళ్ళ పళ్ళెంలో తెల్లటి పురుగుల్లాంటివి తేలేవి. అదిగో పడ్డాయి అని చూపించి డబ్బులు పుచ్చుకునేవాళ్ళు. యూరప్‌లో ఇదే తంతు కురసాని వాము గింజలతో నడిచింది. వేడికి గింజ పగిలి బయటికొచ్చిన తెల్లటి మొలకే ఆ పురుగు. పన్నుతో దానికే సంబంధమూ లేదు. ఫ్రాన్సులో పియేర్ ఫోషార్ 1728లో అచ్చేసిన దంతవైద్య గ్రంథంలో, సూక్ష్మదర్శినిలో వెతికినా తనకు పురుగు దొరకలేదని తేల్చేశాడు. మన సంతల్లో పొగ మాత్రం ఆ తర్వాత రెండు వందల ఏళ్ళకు పైనే లేచింది.

దంతవైద్యం ఎంత పాతదంటే, బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ శ్మశానంలో తొమ్మిది మంది పెద్దల దవడపళ్ళు పదకొండింటికి బొరియలు కనిపించాయి. 7500 నుంచి 9000 ఏళ్ళ కిందటివి. పూసలకు బెజ్జాలు వేసే చెకుముకి మొన బరమానే వాడి ఉంటారని 2006లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. బతికున్నవాళ్ళకే తొలిచారు, ఆ తర్వాతా వాళ్ళు ఆ పళ్ళతో నమిలారు. అరుగుదల చూసి తేల్చారు. మత్తు లేకుండా.

వంటింటి వైద్యం: పనికొచ్చేవి

దంతాసుపత్రి గుమ్మంలోకి అడుగు పెట్టగానే వచ్చే వాసన ఏమిటో గమనించారా? లవంగం వాసన. లవంగ నూనెలో నూటికి డెబ్భై నుంచి తొంభై వంతులు యూజినాల్ అనే పదార్థమే. జింక్ ఆక్సైడ్ పొడిలో యూజినాల్ కలిపిన ముద్దనే డాక్టర్లు తాత్కాలికంగా పన్నులో పెడతారు. అంటే వంటింటి పోపుల డబ్బాలో ఉన్నదీ, డాక్టరు గారి బల్ల మీద ఉన్నదీ ఒకటే మందు. ఇది నరాన్ని కాసేపు మొద్దుబారుస్తుంది. చైనాలో హాన్ వంశపు కాలంలో చక్రవర్తితో మాట్లాడాలంటే కొలువులోని వాళ్ళు నోట్లో లవంగం పెట్టుకోవాలని నియమం ఉండేదట.

అయితే సీసాడు లవంగ నూనె చిగురు మీద ఒంపకూడదు. మాడ్చేస్తుంది. దూది మీద ఒక చుక్క, కొబ్బరినూనెలో కలిపి పలచన చేసుకుంటే ఇంకా మంచిది, పంటికి తాకేలా కాసేపు పెట్టి తీసెయ్యాలి. ఒక లవంగం దవడకింద నొక్కి ఉంచుకున్నా కొంత ఊరట.

అన్నిటికన్నా చవకైనదీ, డాక్టర్లంతా ఒప్పుకునేదీ ఉప్పునీళ్ళు. గ్లాసుడు గోరువెచ్చటి నీళ్ళలో అర చెంచా ఉప్పు. తిన్న ప్రతిసారీ ఆ వెనక మూల తగిలేలా పుక్కిలించాలి. చిగురు మూత కింద ఇరుక్కున్న మెతుకు బయటికి రావడమే అసలు వైద్యం. మంత్రమేమీ లేదు. జామాకు కషాయంతో పుక్కిలించినా చిగురుకు హాయిగా ఉంటుందని మన పెద్దవాళ్ళు వాడతారు, దానివల్ల నష్టం లేదు. డాక్టరు క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత మందు రాస్తే వాడండి గానీ వారాల తరబడి వద్దు. పళ్ళ మీద గోధుమరంగు గార పడుతుంది, కాఫీ టీలు తాగేవాళ్ళకు మరీ.

బ్రష్షు మానేయడం చాలామంది చేసే పని. నొప్పి ఉన్న వైపు తోమరు, పాచి పెరుగుతుంది, వాపు ముదురుతుంది. మెత్తటి చిన్న బ్రష్షుతో, పిల్లల బ్రష్షైతే ఇంకా నయం, మెల్లగా ఆ మూల దాకా పోవాలి. కాస్త రక్తం వచ్చినా భయపడక్కర్లేదు.

చెంప మీద బయటినుంచి ఐసు. గుడ్డలో చుట్టి పావుగంట, తీసేసి మళ్ళీ. బెజవాడ మే నెలలో ఇది చెప్పకుండానే చేస్తారు. ఇటుక కాచి, ఉప్పు మూటకట్టి కాపడం పెట్టే అలవాటు మాత్రం చీము పట్టిన వాపుకి వద్దు. వేడికి వాపు పెరుగుతుంది.

వంటింటి వైద్యం: ప్రాణం మీదికి తెచ్చేవి

జిల్లేడు పాలు పన్నులో పోయడం. నోరంతా పొక్కుతుంది, పొరపాటున చెయ్యి కంట్లోకి పోతే కన్నుకే ప్రమాదం. కిరోసిన్ దూది. పొగాకు ముక్క నలిపి దవడలో పెట్టడం, గుంటూరు కృష్ణా జిల్లాల్లో పొగాకుకు కరువు లేదు కాబట్టి ఇది మరీ ఎక్కువ. బ్రాందీ పుక్కిలించి మింగడం. ఆస్పిరిన్ మాత్ర నలిపి చిగురు మీద అద్దడం. ఇందులో ఆఖరిది చదువుకున్నవాళ్ళే చేస్తారు. ఆ మాత్ర కడుపులోకి పోయి రక్తంలో కలిస్తేనే పనిచేస్తుంది, చిగురు మీద పెడితే అక్కడ చర్మం తెల్లగా కాలి ఊడుతుంది. పంటినొప్పికి పుండు తోడు.

గుంటూరు కారం సంగతి. మిరపలోని క్యాప్సైసిన్ తగిలే గ్రాహకమూ, వేడి తగిలే గ్రాహకమూ ఒకటేనని కనిపెట్టింది డేవిడ్ జూలియస్ బృందం, 1997లో. ఆ పనికే 2021 నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది. వాచిన చిగుట్లో ఆ గ్రాహకాలు ముందే రెచ్చిపోయి ఉంటాయి. కొత్తావకాయ ముద్ద తగిలితే నిప్పు పెట్టినట్టుండడానికి అదే కారణం. పీకేదాకా పెరుగన్నం, జావ, చల్లారిన ఇడ్లీ, పప్పులో మెత్తగా పిసికిన అన్నం. వేసవైతే తాటిముంజలు. ఆవకాయ ఎక్కడికీ పోదు, ఏడాది నిలవుంటుంది.

పన్నుపోటు రాత్రే ఎందుకు?

పగలంతా ఓర్చుకున్నది పక్క మీద వాలగానే జివ్వుమంటుంది. పడుకుంటే తలకు రక్తం ఎక్కువ చేరుతుంది. పన్ను లోపలి గదికి గోడలు గట్టివి, లోపల ఒత్తిడి పెరిగితే చోటివ్వడానికి లేదు, నరం నలుగుతుంది. చిగురు వాపుకీ అదే బాధ. పైగా ఒంట్లో సహజంగా మంటను అణచిపెట్టే కార్టిసాల్ అర్ధరాత్రి వేళ అడుగంటుతుంది, మనసు మళ్ళించే పనీ ఉండదు. రెండు దిండ్లు ఎత్తుగా వేసుకుని, నొప్పి లేని వైపు తిరిగి పడుకుంటే తేడా తెలుస్తుంది. పడక్కుర్చీ ఉన్నవాళ్ళు అదృష్టవంతులు.

మాత్ర ముందు రోజు రాత్రి మిగిలినదే అయినా సరే, దాని పేరు తెలుసుకుని వేసుకోండి. మందుల షాపులో జరిగేది మనకు తెలిసిందే.

‘ఏవండీ, పన్నుపోటుకి ఏదైనా ఇవ్వండి.’

‘గ్యాస్ ఉందా అండి?’

ఉందనో లేదనో మనం అనేలోపే కత్తెర ఆడుతుంది. రెండు రంగుల మాత్రలు మూడేసి, బ్రౌను కవరు మీద పొద్దున ఒక గీత, రాత్రి ఒక గీత. కత్తిరించిన ముక్క మీద పేరు సగం ఉంటుంది, గడువు తేదీ అవతలి ముక్కతో షాపులోనే ఉండిపోతుంది. ఇంట్లో ఇంకెవరో డోలో ఇస్తారు. ఆ కవర్లోని మాత్రలోనూ పారాసిటమాలే కలిసుంటుందని ఎవరికీ తట్టదు. కాంబిఫ్లామ్‌లో ఐబూప్రొఫెన్ 400 మిల్లీగ్రాములతో పాటు పారాసిటమాల్ 325 ఉంటుంది. పెద్దవాళ్ళకు రోజు మొత్తం మీద పారాసిటమాల్ 4 గ్రాములు దాటితే కాలేయానికి ముప్పు. మద్యం అలవాటున్నవాళ్ళకూ, బక్కపలచని వాళ్ళకూ హద్దు ఇంకా తక్కువ.

జ్ఞానదంతం పీకిన తర్వాతి నొప్పికి ఈ రెండిట్లో ఏది మేలని పరిశోధనల్ని పోగేసి 2013లో కాక్రేన్ సమీక్ష ఒకటి చూసింది. విడిగా చూస్తే ఐబూప్రొఫెన్‌దే పైచేయి, రెండూ కలిస్తే ఇంకా మేలు అని తేలింది. కానీ కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఉబ్బసం, రక్తం పలచబడే మందులు, గర్భం ఉన్నవాళ్ళు అడక్కుండా ఐబూప్రొఫెన్ ముట్టుకోకూడదు. బెజవాడలో వానాకాలం డెంగీ కాలం కూడా. పన్నుపోటుతో పాటు జ్వరం ఉంటే, అది డెంగీ కాదని తేలేదాకా ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ జోలికి పోవద్దు, రక్తస్రావం ప్రమాదం.

లోకంలోని నొప్పి మాత్రలకు కొలబద్ద

ప్రపంచంలో కొత్త నొప్పి మందు తయారైతే దాన్ని తరచుగా మొట్టమొదట పరీక్షించేది ఎవరి మీదో తెలుసా? అప్పుడే జ్ఞానదంతం తీయించుకున్న వాళ్ళ మీద. కారణం సులువు. వాళ్ళు సాధారణంగా పడుచువాళ్ళు, ఆరోగ్యవంతులు. మత్తు దిగిన కొన్ని గంటల్లో అందరికీ దాదాపు ఒకే తీరు నొప్పి వస్తుంది. ఒక మందు పనిచేసిందో లేదో ఒక్క పూటలో తెలిసిపోతుంది.

1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో లెవిన్, గోర్డన్, ఫీల్డ్స్ అనే ముగ్గురు చేసిన ప్రయోగం నాకు వీటన్నిటిలోకీ ఇష్టం. జ్ఞానదంతం తీసినవాళ్ళలో కొందరికి నొప్పి మందు పేరుతో ఉత్తుత్తి మందు ఎక్కించారు. కొందరికి నిజంగానే నొప్పి తగ్గింది. అప్పుడు నాలోక్సోన్ ఇచ్చారు. అది నల్లమందు జాతి మందుల పనిని అడ్డుకునే మందు. తగ్గిన నొప్పి తిరిగొచ్చింది. అంటే ఉత్తుత్తి మందుకు తగ్గిన నొప్పి ఉత్త భ్రమ కాదు. నమ్మకం పుట్టగానే ఒళ్ళే తన సొంత నల్లమందును విడుదల చేసిందన్న మాట. కొండెక్కి కొవ్వొత్తి వెలిగించాక నొప్పి తగ్గిందని చెప్పే అవ్వ మాటను ఇక ఎగతాళి చేయడం కష్టం. అయితే చీముకు నాలోక్సోన్‌తో గానీ నమ్మకంతో గానీ పనిలేదు, దానికి పటకారే దిక్కు.

మత్తు మందు చరిత్రలోనూ పన్ను తరచూ కనిపిస్తుంది. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ దంతవైద్యుడు హొరేస్ వెల్స్ 1844 డిసెంబరు 10న నవ్వుల వాయువు ప్రదర్శన చూశాడు. మర్నాడే దాన్ని పీల్చి తన జ్ఞానదంతాన్ని తోటి డాక్టరు రిగ్స్ చేత పీకించుకున్నాడు. మరుసటి నెల బోస్టన్‌లో అందరి ముందూ చేసి చూపించబోతే రోగి కేక పెట్టాడు, వెల్స్ నవ్వులపాలయ్యాడు. 1846లో ఆయన పాత భాగస్వామి మోర్టన్ ఈథర్‌తో గెలిచి పేరంతా కొట్టేశాడు. వెల్స్ 1848లో ఆత్మహత్య చేసుకున్నాడు.

ఈ కథలో మన హైదరాబాదుకూ పాత్ర ఉంది. పన్ను పీకడం లాంటి చిన్న పనికి క్లోరోఫారం ఇచ్చినా మనుషులు చనిపోతుంటే, లోపం గుండెదా ఊపిరిదా అన్న తగువు లండన్ దాకా పోయింది. హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పట్టుదలతో 1888లో ఒకటి, 1889లో ఒకటి హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లు కూర్చున్నాయి. ఆరో నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చి వైద్య పత్రిక ‘లాన్సెట్’ తరఫున లాడర్ బ్రంటన్‌ను ఇంగ్లండు నుంచి రప్పించాడు. కుక్కల మీద, కోతుల మీద వందల ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరే, గుండె కాదని తీర్పిచ్చారు. 1911లో గుడ్‌మన్ లెవీ ఆ తీర్పు సరికాదని, గుండె తటాలున ఆగగలదని చూపించాడు. కమిషన్ ప్రయోగాల్లో పాలుపంచుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ హైదరాబాదు వైద్య పాఠశాలలోనే చదివింది. ప్రపంచంలో మత్తు వైద్యంలో పేరు తెచ్చుకున్న తొలి మహిళల్లో ఆవిడ ఒకరు.

ఇవాళ మన దవడలోకి ఎక్కే లిగ్నోకెయిన్‌ను 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేశాడు, 1948లో జైలోకెయిన్ పేరుతో అంగట్లోకి వచ్చింది. అందులో రవ్వంత ఎడ్రినలిన్ కలిపి ఇస్తారు, రక్తం తక్కువ కారాలని, మత్తు ఎక్కువసేపు నిలవాలని. ఇంజక్షన్ పడగానే కాసేపు గుండె దడదడలాడేది దానివల్లే. గుండెజబ్బు, బీపీ ఉంటే ముందే చెప్పమనేది అందుకే.

భీమవరం మందు, పళ్ళ మీద మరక

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ సంస్థలో పరిశోధనలకు పెద్దగా ఉన్న రోజుల్లో, ఆయన విభాగం నుంచే ఆరియోమైసిన్ 1948లో లోకానికి వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది అదే. లక్షల ప్రాణాలు కాపాడిన ఆ కుటుంబానికి ఒక దుర్గుణం ఉందని తర్వాత తెలిసింది. పళ్ళు తయారవుతున్న వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, పిల్లలు మింగితే పళ్ళు పసుపు, గోధుమ రంగుకు తిరిగి అలాగే ఉండిపోతాయి. గర్భిణులకూ ఇవ్వరు.

అది చెప్పడానికి కారణం, పాత చీటీలోని యాంటీబయాటిక్ తీసి పన్నుపోటుకి వేసుకునే అలవాటు. యాంటీబయాటిక్ నొప్పి మాత్ర కాదు. జ్వరం, పాకుతున్న వాపు, నోరు తెరుచుకోకపోవడం ఉన్నప్పుడే డాక్టరు రాస్తారు. మెట్రోనిడజోల్ రాస్తే ఆ రోజులన్నీ మద్యం బంద్, రెండూ కలిస్తే వాంతులు, తలపోటు పట్టుకోవచ్చు.

ఆగకూడని వేళ

వాయిదా పడిందని అన్నిటికీ వాయిదా పనికిరాదు. దవడ కింద మెడ వైపు వాపు గట్టిగా దిగడం, నాలుక పైకి లేచినట్టుండడం, ఉమ్మి మింగలేకపోవడం, గొంతు మారిపోవడం, ఊపిరి కష్టమవడం, నోరు వేలెడంత కూడా తెరుచుకోకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చీటీ మీది తేదీ చూసుకోకుండా ఆ గంటే బయల్దేరాలి. జర్మనీ డాక్టరు లుడ్విగ్ 1836లో వివరించిన జబ్బు ఇది. చాలాసార్లు మూలం కింది దవడపన్నే. ఇక్కడ ఆపద వాపు ఊపిరి దారిని మూసెయ్యడం. ఆటో కోసం కాదు, 108కి ఫోను చెయ్యండి. ఆ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైందే ఇలాంటి గంటల కోసం.

ఆపద మాట పక్కన పెట్టి, కాస్త ఊపిరి పీల్చుకోవడానికి ఒక పాత కథ. మొదట్లో అపొలోనియా పళ్ళ గురించి చెప్పుకున్నాం కదా, మన నేలకూ బుద్ధుడి పన్ను కథ ఉంది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి దంతపురమే ఆ పన్ను దాచిన కళింగ రాజధాని అని కొందరు పండితుల మాట, కాదనేవాళ్ళూ ఉన్నారు. నాలుగో శతాబ్దంలో యుద్ధం ముంచుకొస్తే రాకుమారి హేమమాల దాన్ని జుట్టులో దాచుకుని సింహళం చేరిందని దాఠావంశం అనే గ్రంథం చెబుతుంది. కాండీలో ఇవాళ పూజలందుకునే ఆ పన్ను ఎడమ కోరపన్ను. జ్ఞానదంతం కాదు.

పీకాక

పీకిన చోట గడ్డకట్టే రక్తమే కట్టు. అది ఊడిపోతే ఎముక బయటపడి, మూడో రోజో నాలుగో రోజో మొదటి పోటును మించిన పోటు వస్తుంది. కింది జ్ఞానదంతాలకు ఇది ఎక్కువ, సిగరెట్టు తాగేవాళ్ళకు ఇంకా ఎక్కువ. పత్తి ఉండ కొరికి పట్టుకున్నంతసేపూ ఉమ్మకూడదు, నోట్లో ఊరిన ఉమ్మిని మింగెయ్యాలి. తొలి రోజు పుక్కిలించకూడదు, ఉప్పునీళ్ళు మర్నాటినుంచే.

ఇక్కడ బెజవాడవాళ్ళు తప్పకుండా చేసే పొరపాటు ఒకటి ఉంది. ఆసుపత్రి బయటికి రాగానే వెంట వచ్చినవాళ్ళు ‘బాబాయ్, ఏదైనా చల్లగా పడితే బాగుంటుంది’ అని బోండాం కొట్టించి, స్ట్రా గుచ్చి చేతికిస్తారు. స్ట్రాతో పీల్చే ఆ లాగుడుకే రక్తపు గడ్డ ఊడొస్తుంది. కొబ్బరినీళ్ళు నిక్షేపంగా తాగొచ్చు, గ్లాసులో పోయించుకుని.